తనఖా భూమి సర్కారుకు పోయినప్పుడు

పల్లెలో అప్పు పుట్టవలెనన్న భూమియే హామీ. పంట పోవచ్చును, పశువు పోవచ్చును, భూమి మాత్రము ఎక్కడికిని పోదని అప్పిచ్చినవాని ధైర్యము. ఆ భూమియే కాలువకో, రహదారికో, జలాశయమునకో పోయినచో అతని గతి యేమి? 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము క్రింద కృష్ణా తీరమున ఊళ్లకు ఊళ్లే మునిగినవి. అట్టి సేకరణ జరిగిన ప్రతి చోటను ఈ ప్రశ్న పుట్టును.

1894 నాటి భూసేకరణ చట్టము 16వ సెక్షను ప్రకారము, కలెక్టరు స్వాధీనము చేసికొన్న భూమి సమస్త ఋణభారములనుండియు విముక్తమై ప్రభుత్వమునకు సంక్రమించెడిది. 2014 జనవరి 1 నుండి ఆ చట్టము స్థానమున 2013 నాటి క్రొత్త చట్టము అమలులోనికి వచ్చినది. ఏ చట్టము క్రిందనైనను, తనఖా పత్రము చేతబట్టుకొని ఆనకట్ట మీద కూర్చుండి బాకీ యడుగుటకు వీలులేదు.

అయితే హక్కు నశించిపోలేదు. అది మన్నును విడిచి సొమ్మును పట్టుకొన్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 73వ సెక్షను ఈ సంగతి చెప్పుచున్నది. భూమి యజమానికి రావలసిన నష్టపరిహారములోనుండి తనఖా బాకీని పూర్తిగా గాని కొంత గాని ఇప్పించుమని తనఖాదారు కోరవచ్చును. వాయిదా ఇంకను రాలేదను సాకు పనికిరాదు. ముందటి తనఖాదారునకు తప్ప తక్కిన వారందరికంటె ఇతని హక్కే ముందు. ఇది మాకు న్యాయముగనే తోచుచున్నది. హామీ యే రూపమున మారినను హామీయే గదా.

ఒక లెక్క చూతము. నాలుగెకరముల మీద ఆరు లక్షల అప్పున్నది. పరిహారము పది లక్షలు వచ్చినది. తనఖాదారునకు ఆరు లక్షలును, న్యాయమైన వడ్డీయును పోగా మిగిలినది రైతుదే. భూమితోపాటు పరిహారమంతయు తనదేయనుకొను షావుకార్లు లేకపోలేదు. వారికి చట్టములో చోటు లేదు.

కాని హక్కున్నంత మాత్రమున సొమ్ము నడచి యింటికి రాదు. పరిహారములో వాటా కోరు ప్రతివాడును ఆసక్తిగలవాడేయని చట్టము. కలెక్టరు ప్రకటన వెలువడినప్పుడు తనఖాదారు తన పత్రముతో పోయి అర్జీ దాఖలు చేయవలెను. రిజిస్టరయిన తనఖా యయినచో ఈ.సి.లో కనబడును. హక్కు పత్రములను మాత్రము తన పెట్టెలో ఉంచుకొని అప్పిచ్చినవాని సంగతి అధికారికి ఎట్లు తెలియును? అతడు ఊరకుండగా సొమ్ము యజమానికి చెల్లిపోయినదనుకొందము. తీసికొన్నవాడు న్యాయముగ హక్కున్నవానికి ఇచ్చుకొనవలసినదేయని చట్టము చెప్పుచున్నది. కాని ఆ సొమ్ము అప్పటికే పిల్ల పెండ్లికి ఖర్చయిపోయి యుండును. డిక్రీ చేతికి వచ్చును, డబ్బు రాదు.

రైతు పక్షము కూడ చెప్పవలెను. వాటాలలో తగవు వచ్చినచో సొమ్ము డిపాజిటు అగును. 2013 చట్టము ప్రకారము, చెల్లింపునకు ముందే స్వాధీనము తీసికొన్నచో ప్రభుత్వము మొదటి యేడు నూటికి 9 వంతునను, ఆ పైన 15 వంతునను వడ్డీ యీయవలెను. డిపాజిటు చేసిన నాటితో ఆ వడ్డీ ఆగిపోవును. షావుకారు వడ్డీ మాత్రము ఆగదు! భూమి పోయి, సొమ్ము చేతికి రాక, బాకీ పెరుగుచుండుట కంటె దుఃఖమేమున్నది? కావున తగవు తేలునందాక ఆ సొమ్మును ఆమోదిత సెక్యూరిటీలలో మదుపు చేయించుమని అర్జీ పెట్టుకొనుట మేలు. అంతకంటె మేలైనది, బాకీ యెంతయో ఉభయులును ముందే తేల్చుకొని యొక్క కాగితము మీద సంతకములు చేసి అధికారి కడకు పోవుట.

పరిహారము బాకీకి చాలనిచో మిగిలినది తనఖా షరతులను బట్టి యుండును. స్వయముగ తీర్చెదనని వ్రాసి యిచ్చినవాడు తీర్చవలసినదే. భోగ్యపు తనఖాలో సాధారణముగ అట్టి మాట యుండదు.

నాలుగెకరములలో మూడే పోయినచో, బాకీ తీరువరకు నాలుగవది తనఖాలోనే యుండును. బాకీ తీరినచో రైతు తన పత్రములను తిరిగి తీసికొని, చెల్లు రిజిస్టరు చేయించుకొనవలెను. లేనిచో ఆ యెకరమునకు ఎప్పుడు ఈ.సి. తీయించినను పాత తనఖాయే అందులో కనబడుచుండును.