వరుస వేరు, దిశ వేరు: లయోట్రాపిక్ ద్రవస్ఫటికాల్లో ధ్రువీయ క్రమం

ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏ ఆచార్యుల పేరిట వెలసిందో, ఆయనకు ఇష్టమైన రంగంలోని ఒక మొండి ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. ద్రావణంలో కడ్డీల్లాంటి అణువులు తేలిగ్గా వరుసకడతాయి. తలలన్నీ ఒకేవైపు పెట్టుకుని మాత్రం ఎందుకు నిలవవు?

టీవీ తెరల్లోని ద్రవస్ఫటికాలు ఉష్ణోగ్రతకు లోబడినవి, అంటే థర్మోట్రాపిక్. సబ్బు, నీరు కలిసి ఏర్పడేవి ప్రధానంగా గాఢతకు లోబడినవి. వీటినే లయోట్రాపిక్ అంటాం. 1936లో బాడెన్, పిరీ, బెర్నాల్, ఫాన్‌కుచెన్ పొగాకు మొజాయిక్ వైరస్ ద్రావణం ఈ కోవకు చెందుతుందని చూపారు. సుమారు 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం గల ఆ కడ్డీలు గాఢత పెరిగితే వాటంతటవే సమాంతరంగా సర్దుకుంటాయి. కారణాన్ని 1949లో లార్స్ ఆన్‌సాగర్ లెక్కగట్టాడు: ఇష్టమొచ్చినట్టు తిరిగే స్వేచ్ఛను కొంత వదులుకుంటే, కదలడానికి అంతకుమించిన చోటు దొరుకుతుంది. ఆకర్షణ బలమేదీ అక్కర్లేదు.

ఆ లెక్కలో తలకూ తోకకూ తేడా లేదు. అగ్గిపుల్లలు సమాంతరంగా ఉంటే చాలు, మందు తలలు ఎటున్నా పెట్టె మూతపడుతుంది. పాలీబెంజైల్ గ్లుటమేట్ అనే పాలీపెప్టైడ్‌నే చూడండి. దాని సర్పిలంలో ఒక్కో యూనిట్ ద్విధ్రువం సుమారు 3.5 డిబై, వందల యూనిట్లు కలిస్తే వెయ్యి దాటుతుంది. నీటి అణువుది 1.85 మాత్రమే. 1956లో కాన్‌మార్ రాబిన్సన్ వర్ణించిన దాని ద్రవస్ఫటిక ద్రావణాల్లో ఇంత ద్విధ్రువమూ వరుసను ఒకవైపు తిప్పలేదు. పక్కపక్కన నిలిచిన ద్విధ్రువాలకు ఎదురెదురు దిశలే అనుకూలం. ద్రావణి నీరైతే మరో చిక్కు: దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం సుమారు 80, అంటే ద్విధ్రువాల పరస్పర ప్రభావాన్ని అది బాగా తగ్గిస్తుంది. పైగా అందులోని అయాన్లు విద్యుత్ ప్రభావాన్ని పక్క కడ్డీదాకా పోనివ్వవు.

మరి దిశ తేవడానికి ఒక దారి సౌష్ఠవాన్ని తగ్గించడం. పొరల్లో అణువులు వంగి నిలిచి, అవి కైరల్ (తమ అద్దపు ప్రతిబింబంతో సరిపోలనివి) కూడా అయితే, అద్దపు సౌష్ఠవం పోయి వంపు తలానికి లంబంగా ధ్రువణం సాధ్యమవుతుందని 1975లో రాబర్ట్ మేయర్ బృందం చూపింది. అది థర్మోట్రాపిక్ సంగతి. లయోట్రాపిక్‌లో పొరల నడుమ ద్రావణి ఉంటుంది. వంపు సమాచారం దాన్ని దాటాలి. దాటుతుందని 2013లో జర్మనీలో యోహానా బ్రుక్నర్, ఫ్రాంక్ గీసెల్‌మన్ బృందం నిరూపించింది. ఇక్కడ ధ్రువణం కడ్డీ పొడవు వెంట కాదు, అడ్డంగా ఉంటుందని గమనించాలి.

రెండో దారి శక్తి ఖర్చుచేయడం. మ్యూనిక్ శాస్త్రజ్ఞులు 2010లో మయోసిన్ మోటార్లు పరిచిన ఉపరితలంపై ఆక్టిన్ తంతువులను నడిపారు. ఏటీపీ ఇంధనం, ప్రతి తంతువుకూ ముందుకు సాగే కొన ఒకటే. సాంద్రత ఒక హద్దు దాటగానే అవి గుంపులుగా ఒకే దిక్కున కదిలాయి. ఇది సమతాస్థితిలో వచ్చిన క్రమం కాదు. ఇంధనం నిలిచిపోతే ఈ నడకా ఆగుతుంది.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. ధ్రువణ సూక్ష్మదర్శినిలో కనిపించేది అక్షమే; బాణం మొన ఎటుందో అది చెప్పదు. విద్యుత్ క్షేత్రం దిశను తిప్పి చూడాలి, లేదా కాంతి పౌనఃపున్యం రెట్టింపవుతుందేమో పరీక్షించాలి. వరుసను ఇరుకే ఇస్తుంది. దిశ కనబడిందంటే దాన్ని సౌష్ఠవలోపం ఇచ్చిందా, ఇంధనం ఇచ్చిందా అని మీ ప్రయోగం తేల్చాలి.