మెట్టసీమలో తుపాను
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడిలో తీపితోబాటు చేదును కూడ నోట వేసుకొనుట మన ఆచారము. అందుచేత ఈ పండుగపూట కొంచెము చేదైన సంగతి ఒకటి మీకు మనవి చేయదలచుకున్నాము.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు. మాలో కొందరి ముత్తాతలు ఈ రాళ్ల నేలలోనే రాగి, ఉలవ పండించుకొని బ్రతికారు. తక్కినవారము ఫ్యాక్టరీ పనులకై కృష్ణా గోదావరీ తీరాలనుండి తరలివచ్చినవాళ్లము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కథలు వింటూ పెరిగిన మేము, ఈ మెట్టకు చేరగానే, “ఇక తుపానుల బెడద తీరినది, ఇక్కడ నీటికి కరువే గాని ముంపు ఎక్కడిది?” అని సంతోషించాము. ఆ సంతోషము ఎంతటి తెలివితక్కువో 2024లో తెలిసివచ్చినది.

ఆ సంవత్సరము నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరము దాటినది. ఆ పేరు పెట్టినది ఎడారి దేశమైన సౌదీ అరేబియా. తీరము దాటిన తుపాను సాధారణముగా త్వరగా కదలిపోతుంది. ఇది మాత్రము, తోసుకుపోయే గాలి పైన బలముగా లేక, గంటల తరబడి అక్కడే నిలిచి, తరువాత బలహీనపడి మెల్లగా పడమటికి నడచినది. సముద్రానికి సుమారు 150 కిలోమీటర్ల దూరములో ఉన్న కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో, డిసెంబరు 2 ఉదయానికి ఒక్కరోజులో 50 సెంటీమీటర్ల వాన కురిసినది. ఈ జిల్లాకు ఏడాది పొడుగునా పడేది 80 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే! చెరువు పొంగి, బస్టాండు దగ్గర నిలిపిన కార్లు, వ్యానులు కాగితపు పడవలవలె కొట్టుకుపోయినవి. దక్షిణ పినాకినిలో వరద పెరిగి, దిగువన విళుప్పురము, కడలూరు జిల్లాలలో ఊళ్లు మునిగినవి.

ఆ ఏడు ఏప్రిల్ 16న అరబ్బు ఎమిరేట్లలో అల్ ఐన్ ప్రాంతమున ఒక్కరోజు లోపలే 254 మిల్లీమీటర్ల వాన పడినది. 1949లో లెక్కలు మొదలైన తరువాత అక్కడ అంతటి వాన లేదు. గల్ఫులో ఉన్న మనవారు ఫోనులో చెప్పగా విని ఆశ్చర్యపోయాము. ఎనిమిది మాసాలలోపలే మన వంతు వచ్చినది.

ఇక మా కథ. చౌకగా వచ్చినవని మాలో కొన్ని కుటుంబాలవారము కృష్ణగిరి వైపు ఇంటిస్థలాలు కొన్నాము. ఆ తెల్లవారుజామున మా వీధిలో మోకాటిలోతు నీరు పారినది. పిల్లలను ఎత్తుకొని మేడమీదికి చేరాము. బియ్యపు మూటలు, పిల్లల పుస్తకాలు తడిసి పాడైనవి. వాన తెరిపి ఇచ్చిన తరువాత పక్క ఊరి అవ్వ ఒకామె వచ్చి చూచి, “ఏమప్పా, ఇది అలుగునీళ్లు పారే దోవ కదా! నీళ్లు దోవ మరిచిపోవు. మీరే అడగకపోతిరి,” అన్నది.

మాకు సిగ్గు వేసినది. మన పూర్వులు వానలు తక్కువైన సీమ గనుకనే ఒక చెరువు నిండి మరొక చెరువుకు పారేటట్లు గొలుసుకట్టుగా కట్టుకున్నారు. కట్ట, తూము, అలుగు, వాగు అని ప్రతిదానికి పేరు పెట్టారు. మేము ఆ పేర్లు మరచి, అలుగు వాగును వీధిగా తలచి ఇల్లు కట్టుకున్నాము. మాట పోయినచోట దారి కూడ పోయినది.

కనుక మీకు మా విన్నపము రెండే. స్థలము కొనేముందు గ్రామపటము చూడండి, ఊరి పెద్దలను వారి భాషలోనే, “వాననీరు ఎటు పారుతుంది?” అని అడగండి. రెండవది, ఈ వేసవిలో పిల్లలను చెరువుగట్టుకు తీసుకుపోయి, ఇది తూము, ఇది అలుగు అని వేలితో చూపండి. ఆ మాటలు వారి నోట నిలిస్తే, రేపటి వానకు వారి ఇల్లు నిలుస్తుంది.

ఈ కొత్త సంవత్సరము మన చెరువులను నింపుగాక, మన గడపలను దాటకుండుగాక!