వర్చువల్ మెషీన్ నత్తలాగా నడుస్తోందా? కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఈ ఐదు చూడండి

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి మీరు అడుగుతున్నదే. "అన్నా, వర్చువల్ బాక్స్‌లో ఉబుంటు వేసినాను, కానీ మౌస్ కదిపితే అర నిమిషానికి కదులుతుంది, ఏం చేయాల?" అని వారానికి ఇద్దరు ముగ్గురైనా మెసేజ్ పెడుతున్నారు. ఎక్కువ మంది బీటెక్ వాళ్ళు, మన సోమల, పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు వాళ్ళే. ల్యాబ్ కోసం లినక్స్ కావాలి, ఇంట్లో ఉండేదేమో ఒకటే విండోస్ ల్యాప్‌టాప్.

ఈసారి ఒక నిజమైన కేసు పెట్టుకొని మాట్లాడుకుందాం. సోమల పక్క పల్లె నుంచి మూడో సంవత్సరం చదివే తమ్ముడొకడు ల్యాప్‌టాప్ తీసుకొచ్చినాడు. షాపులో చూపిస్తే "ఇది పాతదైపోయింది, ఇంక పనికిరాదు, కొత్తది 65 వేలు అవుతుంది" అన్నారంట. వాళ్ళ నాయన టమాటా అమ్మిన డబ్బులు దీనికే పెడదామని పక్కన పెట్టినాడు. టమాటా డబ్బు ఎట్లా వస్తుందో మదనపల్లె మార్కెట్ చూసిన వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అందుకే కొనే ముందు ఒక గంట కూర్చొని చూద్దాం అన్నాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "వర్చువల్ మెషీన్ అంటేనే స్లోగా ఉంటుంది" అని చాలా మంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1974లో గెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు వర్చువల్ మెషీన్ ఎట్లా ఉండాలో కొన్ని షరతులు రాసినారు. అందులో ఒకటి సామర్థ్యం. అంటే లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఆదేశాల్లో ఎక్కువ భాగం మధ్యవర్తి లేకుండా నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడవాలి. మన పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లు చాలా కాలం దీనికి సరిగ్గా సరిపోలేదు. అందుకే 1999లో వీఎంవేర్ వాళ్ళు కొన్ని ఆదేశాలను అప్పటికప్పుడు తిరగరాసి నడిపించే పద్ధతి పెట్టినారు. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్, 2006లో ఏఎండీ-వీ వచ్చినాక ఆ సాయం ప్రాసెసర్‌లోకే వచ్చేసింది. కాబట్టి మామూలు లెక్కలు, కోడ్ కంపైల్ చేయడం లాంటి పనులు వర్చువల్ మెషీన్‌లో దాదాపు అసలు వేగంతోనే జరగాలి. అంత ఘోరంగా స్లో ఉందంటే ఎక్కడో ఏదో అడ్డం పడిందని అర్థం. ఆ అడ్డం ఏదో కనిపెట్టాలి.

ఎట్లా కనిపెట్టాలి? సెట్టింగ్స్ మార్చడం మొదలుపెట్టొద్దు. ముందు కొలవండి. వర్చువల్ మెషీన్ నడుస్తున్నప్పుడు విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీ చూడండి. సీపీయూ, మెమరీ, డిస్క్, ఈ మూడింట్లో ఏది 100కి అతుక్కొని ఉందో రాసి పెట్టుకోండి. ఉబుంటు డెస్క్‌టాప్ రావడానికి ఎంత టైం పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మనోడి ల్యాప్‌టాప్‌లో 7 నిమిషాల 40 సెకన్లు పట్టింది. సీపీయూ 30 శాతం, మెమరీ 97 శాతం, డిస్క్ 100 శాతం.

ఇక్కడే చాలా మంది పొరపాటు పడతారు. డిస్క్ 100 అని కనిపిస్తే డిస్క్ పోయింది అనుకుంటారు. కానీ మెమరీ 97 ఉంది చూడండి. ర్యామ్ నిండిపోతే విండోస్ కొంత డేటాని డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి తోసేస్తుంది, కావాల్సినప్పుడు మళ్ళీ లాక్కొస్తుంది. ఆ తోసుకోవడం, లాక్కోవడంతోనే డిస్క్ అల్లాడిపోతుంది. అంటే జబ్బు ఒకచోట, నొప్పి ఇంకోచోట.

సెట్టింగ్స్ తెరిచి చూస్తే విషయం తెలిసింది. ల్యాప్‌టాప్‌లో మొత్తం ర్యామ్ 8 జీబీ. స్లోగా ఉందని వర్చువల్ మెషీన్‌కి 6 జీబీ ఇచ్చినాడు. ఇంక విండోస్‌కి మిగిలింది రెండే. దానికి తోడు క్రోమ్‌లో పది ట్యాబ్‌లు. మన ఊరి లెక్కలో చెప్తా. ఒకటే బోరు, రెండించుల నీళ్ళు. కింది మడికి నీళ్ళు చాలడం లేదని గేటు వాల్వు మొత్తం అటే తిప్పేస్తే పై మడి ఎండిపోతుంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. పై మడి ఎండితే కింది మడి కూడా ఎండుతుంది, ఎందుకంటే ఉబుంటుకి డిస్క్, స్క్రీన్, కీబోర్డ్ అన్నీ విండోస్ ద్వారానే అందాలి. విండోస్ ఊపిరాడకుండా ఉంటే లోపల ఉబుంటు పరుగెత్తలేదు.

అందుకే మొదటి మాట: 8 జీబీ ఉంటే వర్చువల్ మెషీన్‌కి 3 జీబీ, మహా అయితే 4. వర్చువల్ బాక్స్‌లో మెమరీ గీతకి ఆకుపచ్చ భాగం ఉంటుంది, అది దాటి పోవద్దు. 3 జీబీలో మామూలు ఉబుంటు డెస్క్‌టాప్ బరువవుతుంది, కాబట్టి జుబుంటు లేదా లుబుంటు వేసుకోండి. లోపల ఉండేది అదే ఉబుంటు, డెస్క్‌టాప్ మాత్రమే తేలిక. ల్యాబ్ ప్రోగ్రాములకి ఏ తేడా రాదు.

రెండోది సీపీయూ. ఆ ప్రాసెసర్‌లో నిజమైన కోర్లు 4. హైపర్ థ్రెడింగ్ వల్ల విండోస్ 8 అని చూపిస్తుంది. మనోడు ఎనిమిదీ ఇచ్చేసినాడు. ఎక్కువ ఇస్తే ఎక్కువ స్పీడ్ అనుకుంటాం గదా, కానీ నిజమైన కోర్ల సంఖ్య దాటితే విండోస్, ఉబుంటు ఒకే కోర్ కోసం కొట్టుకుంటాయి. 4 కోర్లు ఉంటే 2 ఇవ్వండి, చాలు. ఈ రెండూ మార్చి, జుబుంటు వేసి మళ్ళీ స్టాప్‌వాచ్ పెడితే 3 నిమిషాల 10 సెకన్లు. రూపాయి ఖర్చు లేదు.

మూడోది తాబేలు. నవ్వకండి, నిజంగానే తాబేలు. వర్చువల్ బాక్స్ కిటికీకి కింద కుడివైపు చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. అక్కడ ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే, వర్చువల్ బాక్స్ ప్రాసెసర్ సాయాన్ని నేరుగా వాడుకోలేకపోతోందని అర్థం. ఎందుకంటే విండోస్‌కి సొంతంగా హైపర్-వీ అనే హైపర్‌వైజర్ ఉంది. అది ముందే వెళ్ళి సీట్లో కూర్చుంటే వర్చువల్ బాక్స్ దాని ద్వారా పని చేయించుకోవాలి. డాకర్ కోసమో, డబ్ల్యూఎస్ఎల్ కోసమో ఎప్పుడో ఒక వీడియో చూసి ఆన్ చేసి మరిచిపోయి ఉంటారు. మనోడి కథ కూడా అదే.

కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేసి రీస్టార్ట్ చేయండి. అట్లా చేస్తే డాకర్, డబ్ల్యూఎస్ఎల్ 2 పనిచేయవు, అది గుర్తుండాలి. అయినా తాబేలు పోలేదంటే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉందేమో చూడండి. కానీ అది వైరస్‌ల నుంచి కాపాడే గోడ. స్పీడ్ కోసం దాన్ని పడగొట్టమని నేను చెప్పను. అంతకంటే మీకు కావాల్సింది టెర్మినల్, జీసీసీ, పైథాన్ అంతే అయితే వర్చువల్ బాక్స్ పక్కనబెట్టి డబ్ల్యూఎస్ఎల్ 2 వాడుకోండి. డెస్క్‌టాప్ మొత్తం మోయక్కర్లేదు. మనోడికి నెట్‌వర్క్స్ ల్యాబ్ కోసం పూర్తి మెషీన్ కావాలి, మెమరీ ఇంటెగ్రిటీ ముందే ఆఫ్‌లో ఉంది, కాబట్టి ఆ టిక్కులు తీసినాం. 2 నిమిషాల 20 సెకన్లకి వచ్చింది.

ఇదే చోట ఇంకోటి. టాస్క్ మేనేజర్ సీపీయూ పేజీలో వర్చువలైజేషన్ డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి రాసి పెట్టుకోండి. తర్వాత స్క్రీన్ మీద అది అడిగితే దిక్కు తోచదు.

నాలుగోది స్క్రీన్, కరెంటు. గెస్ట్ అడిషన్స్ వేయకపోతే బొమ్మ గీసే పని కూడా సీపీయూ మీదే పడుతుంది, కిటికీ లాగితే ముక్కలు ముక్కలుగా కదులుతుంది. గెస్ట్ అడిషన్స్ వేసి, వీడియో మెమరీ 128 ఎంబీ పెట్టండి. ఇంక మన పల్లెల్లో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారుతుంది, విండోస్ ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. "పొద్దున బాగుంది, సాయంత్రం స్లో" అనే వాళ్ళు ముందు ఛార్జర్, పవర్ మోడ్ చూడండి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్నా వేడికి ఇదే జరుగుతుంది.

ఐదోది డిస్క్. దీన్ని కావాలనే చివర్లో పెట్టినాను, ఎందుకంటే డబ్బు అడిగేది ఇదొక్కటే. నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు. అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క చదవాలంటే సెకనుకి వంద సార్లు కూడా చదవలేదు. ఒకే పళ్ళెం మీద విండోస్, ఉబుంటు రెండూ చదువుతుంటే ముల్లు అటూ ఇటూ పరుగెత్తడమే సరిపోతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, అదే పని సెకనుకి వేల సార్లు చేస్తుంది. ర్యామ్, కోర్లు, తాబేలు అన్నీ సరి చేసినాక కూడా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 దగ్గరే నిలబడితే, అప్పుడు డిస్కే దొంగ అని ఖాయం చేసుకోవచ్చు. అంతకుముందు పాత స్నాప్‌షాట్లు డిలీట్ చేయండి, సీ డ్రైవ్‌లో ఖాళీ ఉంచండి.

మనోడు 3,200 పెట్టి 480 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాడు. విండోస్, వర్చువల్ మెషీన్ రెండూ దాని మీదికి మార్చినాం. డెస్క్‌టాప్ 35 సెకన్లలో వచ్చింది. మిగిలిన డబ్బు వాళ్ళ నాయన డ్రిప్ పైపులకి పెట్టుకున్నాడు.

ఒకవేళ కొత్త ల్యాప్‌టాప్ నిజంగానే కావాల్సి వస్తే కొనొద్దని చెప్పను. ర్యామ్ 4 జీబీనే ఉండి, పెంచే వీలు లేకపోతే ఇవన్నీ చేసినా లాభం ఉండదు. కానీ అది కొలిచి తెలుసుకోవాలి, షాపులో మాట విని కాదు.

ఇంకో మాట. రేపు మీరు ఉద్యోగంలో చూసే క్లౌడ్ సర్వర్లు ఎక్కువ భాగం వర్చువల్ మెషీన్లే. అమెజాన్ 2006లో ఈసీ2 మొదలుపెట్టినప్పటి నుంచి జరుగుతున్నది ఇదే: ఒక పెద్ద యంత్రాన్ని పంచి అద్దెకివ్వడం. నేను బెంగళూరులో పనిచేసేటప్పుడు సర్వర్ స్లో అని రాత్రి ఫోన్ వస్తే చూసేది కూడా ఇవే. మెమరీ, సీపీయూ, డిస్క్, వరసగా. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ టైం రాసుకోవాలి. ఐదూ ఒకేసారి మార్చితే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, మళ్ళీ చెడితే ఎక్కడ చూడాలో కూడా తెలియదు.

మీ ల్యాప్‌టాప్‌లో చేసి చూసి, ముందు ఎంత టైం, తర్వాత ఎంత టైం అని కామెంట్‌లో పెట్టండి. ర్యామ్ ఎంత, డిస్క్ ఏది, తాబేలు ఉందా లేదా, ఈ మూడూ రాస్తే నేను జవాబు ఇవ్వడం సులువవుతుంది. హాస్టల్‌లో ఇదే బాధ పడుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వర్చువల్ మెషీన్‌కి ఇంటర్నెట్ రాకపోతే ఏం చేయాలో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.