చాలు అనే మాట

(తరిగొప్పులలో చేసిన ఉపన్యాస పాఠం)



ధనం పెరిగిన కొద్దీ సుఖం పెరుగునా అన్నది నేటి విషయం. ధనమంతా మాయ అని చెప్పి ముగించడం మావంటి పండితులకు సులభం. కాని పత్తి చేను ఎండి, అప్పు తీరక, బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవడానికి చేతిలో పైకం లేని తండ్రి ఎదుట ఆ మాట అనలేము. శాస్త్రమూ అట్లా అనలేదు. పురుషార్థాలు నాలుగింటిలో అర్థం రెండవది. దానికి ముందున్నది ధర్మం. ఈ క్రమమే ముఖ్యం.

మన జిల్లాలోని బమ్మెర పోతనామాత్యుని ఊరు. తన భాగవతాన్ని రాజులకు అంకితమీయక, హలం పట్టి జీవించిన మహనీయుడని ఆయనను గూర్చిన ఐతిహ్యం. ఆ భాగవతం దశమస్కంధంలో కుచేలోపాఖ్యానం ఉన్నది. పిల్లల ఆకలి చూడలేక, శ్రీకృష్ణుని దర్శించి రమ్మని భర్తను ద్వారకకు పంపినది ఆ ఇల్లాలు. ఆమెను భాగవతం ఆశపోతు అనలేదు, పతివ్రత అన్నది. లేమి తీరాలని కోరడం దోషం కాదు. స్వామి ఒక పిడికెడు అటుకులు ఆరగించి రెండవ పిడికిలి తీయబోగా, రుక్మిణీదేవి చేయి పట్టి, ఇహపరాలకు ఇది చాలునని వారించినది. సకల సంపదలూ ఇచ్చే లక్ష్మియే “చాలు” అన్నది! కుచేలుడు ఆ భోగాల నడుమ ఆసక్తి లేక, హరిని మరువక జీవించాడు.

పాశ్చాత్యులు కూడా ఈ విషయాన్ని విచారించారు. ఏటా 75,000 డాలర్ల ఆదాయం దాటిన పిదప దైనందిన సంతోషం పెరగదని 2010లో కానెమన్, డీటన్ అనే పండితులు అమెరికాలో తేల్చారు. 2023లో కానెమన్ మరి ఇద్దరితో కలిసి దానిని సవరించారు. అధికసంఖ్యాకులకు ఆదాయంతోపాటు సంతోషమూ పెరుగుతున్నది. కాని మిక్కిలి దుఃఖితులకు ఒక మేర దాటిన తరువాత ధనం ఊరట నీయడం లేదు. ఆప్తవియోగం, మనోవ్యాధి వంటివి ధనంతో తీరేవి కావు గదా!

మన పల్లెల్లో చూడండి. రోడ్డు పక్కన భూమికి ధర వచ్చింది. అమ్మిన పైకంతో అప్పులు తీరాయి, ఇండ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు. అంతవరకు అది సుఖమే. ఆ పైకమే కొన్ని ఇండ్లలో అన్నదమ్ములను కోర్టు మెట్లెక్కించినది. భాగాలు గజాల లెక్కన తెగినవి. కన్నతల్లి అన్నం మాత్రం నెలకొక గడపన వంతు పడినది. అక్కడ తక్కువైనది ధనం కాదు. అర్థానికి ముందుండవలసిన ధర్మం.

కనుక సంపాదించండి, సంకోచం వలదు. లేమి తీరేవరకు ధనం ఔషధం. ఆ పిమ్మట చాలు అనడం నేర్వాలి. ఆస్తి పంచుకొనే నాడు మొదట తల్లిదండ్రుల భాగం తీసి, మిగిలినదే పంచుకొనండి. ఆ ఇంట ధనం సుఖమే ఇస్తుంది.

స్వస్తి.