ఎముక మజ్జకు అందే కబురు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఆసుపత్రి ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. అందుకే రక్తం గురించే నాలుగు మాటలు చెబుతాను.

రక్తకణాలు పుట్టేది ఎముకల లోపలి మజ్జలో. రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు అక్కడ తయారవుతాయి. ఒక్కోటి 120 రోజులు బతుకుతుంది. రోగక్రిములతో పోరాడే తెల్లకణాల్లో చాలావాటి ఆయుష్షు అంతకన్నా చాలా తక్కువ. మరి ఏ కణం ఎంత కావాలో మజ్జకు ఎవరు చెబుతారు?

1960లలో దీనికి జవాబు దొరకడం మొదలైంది. ఇజ్రాయెల్‌లో లియో సాక్స్, డోవ్ ప్లూజ్నిక్, మెల్‌బోర్న్‌లో రే బ్రాడ్లీ, డోనాల్డ్ మెట్‌కాఫ్ ఎలుకల కణాలను అగార్‌లో పెంచారు. అగార్ అంటే మన వంటింటి చైనా గ్రాసే. మజ్జ కణాలను ఒంటరిగా ఉంచితే పెరగలేదు. అడుగున వేరే కణాల పొర వేస్తే, ఒక్కో కణం నుంచి ఒక్కో గుంపు పుట్టింది. అంటే కింది పొర నుంచి ఏదో ఊరి పైకి వస్తోంది. దానికే కాలనీ స్టిములేటింగ్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. మన రొద్దం రైతుకు ఇది కొత్త కాదు. విత్తనం ఎంత మంచిదైనా పదును లేనిదే మొలవదు కదా!

ఎర్రకణాలకు అలాంటి కబురు ఎరిత్రోపోయెటిన్. దాన్ని పంపేది మూత్రపిండాలు. అందుకే కిడ్నీలు చెడినవారికి రక్తం తగ్గుతుంది. 1977లో సుమారు 2,550 లీటర్ల మూత్రం నుంచి దాన్ని కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే శుద్ధి చేయగలిగారు.

కబురొక్కటే చాలదు, సరుకూ కావాలి. ఆ సరుకుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులూ ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. వాటిలో ఒకదానితో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం అణచగలిగారు. అదే వరుసలోని మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

అయితే చాలా క్యాన్సర్ మందులు మజ్జనూ దెబ్బతీస్తాయి. తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు ఆదుకునేది ఆనాడు అగార్‌లో బయటపడిన కబురే. ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఆ ఇంజెక్షన్‌కు 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత మన హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కూడా దాన్ని తయారుచేసింది.

ఇంత దూరం చెప్పింది ఒక్క మాట కోసం. మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బెంగళూరులో కీమో చేయించుకుని ఇంటికి వస్తారు. ఆ తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్లకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే, మాత్ర వేసి తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, కీమో సంగతి ముందే చెప్పండి. తెల్లారాక వచ్చినవారి రిపోర్టులు నేను చూశాను. అందరూ తిరిగి ఇల్లు చేరలేదు.

అలాగే ఎవరికైనా రక్తం తగ్గితే టానిక్కు కొని ఊరుకోకండి. ఎందుకు తగ్గిందో పరీక్ష చేయించండి. లోపం సరుకులోనా, కబురులోనా, మజ్జలోనా అన్నది తేలితేనే సరైన మందు దొరుకుతుంది.

గురువులారా, ఈ మాట మీ తరగతుల్లోనూ చెప్పండి. పిల్లలు విన్నది ఇంటిదాకా వెళ్తుంది.