నెలసరి తప్పిందా? గుండె దడగా ఉందా?



నిరుడు తునికాకు తెంపే రోజుల్లో భద్రాచలం అడవి అంచు గూడెం నుంచి ఆలుమగలిద్దరు మా దగ్గరకు వచ్చారు. ఆమెకు రెండు నెలలుగా నెలసరి లేదు. కడుపు పండిందని అత్త సంబరపడింది. కాని మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. ఆకలి బాగానే ఉంది, తిన్నది ఒంటికి పట్టడం లేదు. గుండె దడ, చెమటలు, నిద్ర లేదు. గాలి సోకిందన్నారు కొందరు. పరీక్ష చేస్తే గర్భం కాదు. చేతులు చాపమని వేళ్ల మీద కాగితం పెట్టాం. కాగితం వణికింది. రక్తపరీక్షలో థైరాయిడ్ జోరుగా పనిచేస్తోందని తేలింది.

థైరాయిడ్ అంటే గొంతు ముందు భాగంలో ఉండే చిన్న గ్రంథి. ఒంట్లో పనులు ఎంత వేగంగా జరగాలో దీని రసమే నిర్ణయిస్తుంది. ఆ రసం ఎక్కువైతే పొయ్యిలోకి కట్టెలు మితిమీరి ఎగదోసినట్టే. మంట పెరుగుతుంది, కట్టె తొందరగా కాలిపోతుంది.

గొంతువాపు ఉన్న వారందరికీ ఈ జబ్బే అనుకోవద్దు. అయోడిన్ చాలకపోయినా గొంతు వాస్తుంది. అందుకే 1962లో కేంద్ర ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఉప్పులో అయోడిన్ కలిపేది ఇందుకే. ఏ వాపు ఎందుకో పరీక్షలతోనే తెలుస్తుంది.

దీనికి మాత్రలున్నాయి. కొద్ది వారాల్లో గుణం కనిపిస్తుంది. తగ్గింది గదా అని మానకూడదు. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర వాడాలి. మాత్రలు వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఆ భర్త ఒక మాట అడిగాడు: "నెలసరే రావట్లేదు గదా సారూ, ఇంక జాగ్రత్త ఎందుకు?"

ఇక్కడే చాలామంది పొరపడతారు. నెలసరి సరిగా రాకపోయినా గర్భం రావచ్చు. జబ్బు అదుపులో లేనప్పుడు గర్భం వస్తే కడుపు పోవచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. తల్లి గుండెకూ ప్రమాదమే. పైగా ఈ జబ్బుకు ఇచ్చే కార్బిమజోల్ మాత్ర మొదటి మూడు నెలల్లో పిండానికి హాని చేయవచ్చు. అందుకని డాక్టరు సరేననే దాకా నిరోధ్ గాని, కాపర్-టి గాని, గర్భనిరోధక మాత్రలు గాని వాడండి. అయినా గర్భం నిలిస్తే మీ అంతట మీరు మందు మానకండి. వెంటనే వచ్చి చెప్పండి, మందు మారుస్తారు. రేడియో అయోడిన్ చికిత్స చేయించుకుంటే కనీసం 6 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఆ దంపతులు ఇద్దరూ కలిసే వస్తున్నారు. ఆమె ఒళ్లు చేసింది, నెలసరి కుదురుకుంది. బిడ్డ కోసం ఇంకొంతకాలం ఆగుతామన్నారు. ఆగడం వాళ్లకు తేలిక కాదు. కాని రేపటి తల్లీబిడ్డల క్షేమం అందులోనే ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి లక్షణాలుంటే ఆశ కార్యకర్తకు గాని, నర్సమ్మకు గాని చెప్పండి. అవసరమైతే భద్రాచలం, ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రులకు చీటీ రాయిస్తారు. భార్యను ఒంటరిగా పంపకండి. ఇద్దరూ కలిసి రండి.