కనుక్కున్నవారే చెప్పాలి

 

సాహిత్య సభాధ్యక్షులు కవుల గురించి, కావ్యాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈ పూట నేను ఒక వాతావరణ రసాయన శాస్త్ర ఆచార్యుడి గురించి మాట్లాడదలిచాను. ఆయన పేరు షెర్వుడ్ రోలండ్. 1927లో ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. ఆయన పైచదువు మనం కూర్చున్న ఈ షామ్‌బర్గ్‌కు దగ్గర్లోనే, షికాగో విశ్వవిద్యాలయంలో సాగింది. 1948లో చేరినప్పుడు అక్కడ పాఠాలు చెబుతున్నవారు ఫెర్మీ, యూరే, టెల్లర్, మరియా మేయర్ వంటి భౌతిక, రసాయన శాస్త్రాల మహామహులు. కార్బన్ కాలనిర్ణయంతో పేరుపొందిన విలార్డ్ లిబ్బీ ఆయన గురువు. డిగ్రీలో తెచ్చుకున్న మార్కులు సరే, అసలు సత్తా ఎంతో ఇక్కడ తేలుతుందని మొదటి భేటీలోనే మొహం మీద చెప్పిన మనిషి. ఆ గురువు దగ్గర రేడియోధార్మిక బ్రోమిన్ పరమాణువుల మీద పరిశోధన చేసి రోలండ్ 1952లో డాక్టరేట్ అందుకున్నారు.

ఆ తర్వాత ప్రిన్స్‌టన్, కాన్సాస్. 1964లో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో కొత్తగా పెడుతున్న విశ్వవిద్యాలయానికి రసాయన శాఖ తొలి అధిపతిగా వెళ్లారు. అక్కడితో ఆగినా అది నిండైన జీవితమే. కానీ 1972లో ఒక సదస్సులో ఆయన చెవిన ఒక మాట పడింది. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు గాలిలో ఎక్కడికక్కడ కనిపిస్తున్నాయని శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ కొలిచి చూపారట. మరి అవి చివరికి ఏమవుతున్నాయి? 1973లో తన దగ్గర చేరిన యువ పరిశోధకుడు మారియో మొలీనాతో కలిసి రోలండ్ ఈ ప్రశ్న పట్టుకున్నారు.

ఈ వాయువులు వానకు కరగవు, కింది గాలిలో దేనితోనూ చర్య జరపవు. ఏళ్ల తరబడి తేలుతూ గాలి పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ చేరతాయి. అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి వాటి నుంచి క్లోరిన్ పరమాణువు విడిపోతుంది. అది, ఆ కిరణాల నుంచి మనల్ని కాచే ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుంటుంది, దాన్ని ఇంకో ఆక్సిజన్ పరమాణువుకు అప్పగించి మళ్లీ ఒంటరిదై మరో ఓజోన్ మీద పడుతుంది. ఇలా ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను చెరపగలదు. ఈ ఫలితం 1974 జూన్ 28న నేచర్ పత్రికలో వెలువడింది.

నేను రోలండ్‌కు చేతులెత్తి మొక్కేది ఆ తర్వాత చేసిన పనికి. పత్రం అచ్చయింది కదా అని ఆయన ఊరుకోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో విలేఖరులను పిలిచి, ఈ వాయువులను ఆపాలని మొలీనాతో కలిసి బహిరంగంగా చెప్పారు. చట్టసభల ముందు సాక్ష్యమిచ్చారు. దానికి మూల్యం చెల్లించారు కూడా. ఒక పరిశ్రమ పత్రిక ఆయన్ను సోవియట్ గూఢచారుల మనిషేమోనని రాసింది. చాలా ఏళ్లు రసాయన శాఖలు ఆయన్ను ఉపన్యాసాలకు పిలవడమే తగ్గించాయి. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడింది, 1987లో ఈ వాయువులను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1995లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ముప్పును ముందే లెక్కగట్టగలిగి, అది నిజమయ్యేదాకా చేతులు కట్టుకు కూర్చుంటే ఆ శాస్త్రం ఎందుకని ఆయన అడిగేవారు.

ఈ కథలో మన నేలకూ చోటుంది. స్ట్రాటోస్ఫియర్‌లోకి గాలి ప్రధానంగా ఎక్కేది ఉష్ణమండలంలోనే. అందుకే 1980లలో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయం వారు, జర్మన్ శాస్త్రవేత్తలు కలిసి హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి పరికరాలను పైకి పంపి, వేర్వేరు ఎత్తుల్లో గాలిని గడ్డకట్టించి తెచ్చి, అందులో ఈ వాయువులు ఎంతున్నాయో కొలిచారు. మన నెత్తిమీద జరిగిన ఈ పని మనలో ఎందరికి తెలుసు? తెలుగు పిల్లలకు ఎవరు చెప్పారు?

చెప్పే ఆనవాయితీ మనకు లేకపోలేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్రాన్ని తెలుగువారి గడపలోకి తెచ్చారు. వేమూరి వేంకటేశ్వరరావుగారు ఇదే అమెరికాలో ఆచార్యత్వం చేస్తూ తెలుగులో విజ్ఞాన రచనలు చేశారు. ఆ బాట మీద నడిచేవారు చాలినంతమంది లేరన్నదే నా బాధ.

ఈ హాల్లో గాలిని, నీటిని, కణాన్ని, కంప్యూటర్‌ను శోధించేవారు ఎందరో ఉన్నారు. వారికి నా విన్నపం ఒక్కటే. మీ పరిశోధనా పత్రం అచ్చయిన ప్రతిసారీ, అందులో ఏం తేలిందో, దానితో మనుషులకు ఏం పనో తెలుగులో రెండు పేజీలు రాయండి. మీ ఊళ్లో పదో తరగతి చదివే పిల్లకు అర్థమయ్యేలా రాయండి. సంపాదకులకూ ఒక మాట: సావనీర్లలో కవితలకూ కథలకూ ఇచ్చినట్టే ఈ వ్యాసాలకూ చోటివ్వండి, దిద్దిపెట్టండి. వచ్చే సదస్సులో అలాంటి వ్యాసాలు చదవడానికి ఒక పూట కేటాయించాలని ఈ వేదిక మీదే తీర్మానించుకుందాం. మొదటి వ్యాసం రాసే పూచీ నాది.